కొల్లేట్లో గజేంద్రుడు

కరీం పోయి నాలుగు నెలలైంది. నాతో పాటు కుంచె పట్టినవాళ్ళలో అతనే ఆఖరివాడు. బొమ్మలు గీయడమే బతుకుతెరువుగా పెట్టుకోవాలనుకునే కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురు ఏలూరులో మా ఇంటికి వస్తుంటారు. "మీ రోజుల్లో పని ఎలా ఉండేదో రాసిపెట్టండి మేష్టారూ" అంటారు. ముప్ఫై ఏళ్ళు బళ్ళో డ్రాయింగు మేష్టరుగా చేశాను. దాని గురించి రాయడానికేమీ లేదు. ఏటేటా అదే మామిడిపండు, అదే కూజా. అంతకు ముందు, పంతొమ్మిది వందల ముప్ఫైలలో, నేనూ కరీమూ కలిసి పనిచేసిన ఆరేడేళ్ళలో నేర్చుకున్నదే నాకు తెలిసిన విద్య. అందులో సగం ఒక్క చెక్క ముక్క మీద నేర్చుకున్నాను. దాని సంగతి రాస్తాను.

అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు ఉన్న టేకు చెక్క అది. పెద్ద బొమ్మ మొదలుపెట్టే ముందు, ఎక్కడ ఏది ఉండాలో, ఏ రంగు పక్కన ఏ రంగు పడాలో చూసుకోవడానికి నూనె రంగుల్లో చిన్నగా, గబగబా ఒకటి వేసుకుంటాం. దాన్ని మేం చిత్తుబొమ్మ అనేవాళ్ళం. పెద్దది పూర్తయ్యాక దాన్ని ఎవరూ పట్టించుకోరు. సున్నం డబ్బా మీద మూతగా పెట్టినవి కూడా చూశాను.

దుఃఖంతో రాస్తున్నానని అనుకోకండి. దుఃఖం ఉంది. కానీ ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకుంటాను. ఇంట్లోవాళ్ళు వచ్చి చూసి వెళ్తుంటారు.

తెరల దగ్గర

మేమిద్దరం మొదట వీరాస్వామిగారి దగ్గర పనిచేశాం. ఏలూరులో నాటకాల తెరలు రాసేవారాయన. అడవి తెర, కోట తెర, దర్బారు తెర. నేను పురోహితుల ఇంట్లోంచి వచ్చినవాణ్ణి; పుస్తకాలు చదివాను కనుక దేవుళ్ళ గురించి అన్నీ తెలుసనుకునేవాణ్ణి. కరీం వాళ్ళ నాన్నది పటాలు కట్టే కొట్టు. పుట్టిన దగ్గర్నుంచీ దేవుళ్ళ పటాలకు అద్దాలు బిగించిన చెయ్యి అతనిది. మొదటి వారంలోనే, "పంతులూ, శంఖం ఎడం చేతికి ఇవ్వాలి. నువ్వు కుడిచేతికిచ్చావు" అన్నాడు. చూసుకుంటే నిజమే. అప్పటినుంచి అతను నన్ను పంతులూ అనే పిలిచాడు, చివరి వరకూ.

ఒకసారి అడవి తెరలో నేను పులిని వేశాను. ఎక్కడ నిలబడి చూసినా మననే చూసేటట్టు కళ్ళు పెట్టాను. గొప్పగా వచ్చిందని మురిసిపోయాను. నాటకం రోజున హార్మోనియం ఆయన తెర ముందు కూర్చోనన్నాడు. "నేను దానికి వీపు పెట్టలేనండీ" అన్నాడు. వీరాస్వామిగారు వేదికెక్కి పులి కళ్ళ మీద రెండు ఆకులు గీశారు. పులి పొదలో పడుకుంది, నాటకం నడిచింది. కిందికి దిగి నాతో, "బొమ్మ నీ కోసం కాదురా, దాని ముందు కూర్చునేవాడి కోసం" అన్నారు. ఆయన కోపిష్టి, మొండివాడు. ఇంకొకరు గీసిన మంచి గీతను తనదిగా చెప్పుకునేవారు. కానీ ఆ మాట అబద్ధం కాదు.

ఇంకో మాట కూడా చెప్పేవారు: "నీళ్ళు గీయకండిరా. నీళ్ళ మీద పడినదాన్ని గీయండి." అది నాకెప్పటికీ చేతకాలేదు. కరీంకి వచ్చింది.

ముందు అమ్మకి చూపించండి

తాడేపల్లిగూడెంలో సుబ్బారాయుడుగారని బియ్యం మిల్లు యజమాని ఒక సత్రం కట్టిస్తున్నారు. హాల్లో ఎదురు గోడకు పదడుగుల గజేంద్ర మోక్షం కావాలన్నారు. కాన్వాసు మీద, నూనె రంగుల్లో. మాకు అలాంటి పని అదే మొదటిది. తెరకు సంతకం ఉండదు, తెర చిరిగితే మన పని చిరిగినట్టే. ఇది మా ఇద్దరి పేర్లతో గోడ మీద నిలిచే బొమ్మ. వీరాస్వామిగారికి చెప్పి బయటికి వచ్చేశాం. ఆయన, "వెళ్ళండి. తిరిగొస్తే పళ్ళపొడి బోర్డులు రాద్దురు గాని" అన్నారు. తిరిగి వెళ్ళకూడదని ఇద్దరం అనుకున్నాం.

సుబ్బారాయుడుగారు మెత్తని మనిషి. "నాకేం తెలుస్తుందండీ బొమ్మల సంగతి? ముందు చిన్నది ఒకటి వేసి అమ్మకి చూపించండి. ఆవిడ ఊఁ అంటే పెద్దది మొదలెడదాం. ముక్కోటి ఏకాదశి పొద్దున్న తీసుకురండి" అన్నారు.

ఆవిడ పేరు మాణిక్యమ్మగారు. సత్రానికి తెచ్చిన స్తంభాలను రెండుసార్లు తిప్పి పంపించారని పనివాళ్ళు చెప్పారు.

గేదెకు తొండం

చిత్తుబొమ్మ వేయడానికి మార్గశిరంలో కొల్లేరు వెళ్ళాం. ఒక లంకలో చేపలు పట్టే వెంకన్న ఇంట్లో దిగాం. అతను రెండు తాటిదోనెలు పక్కపక్కన కట్టి, పైన వెదురు తడిక పరిచి, "ఇక్కడ కూర్చుని రాసుకోండి బాబూ. తుమ్మొద్దు. తుమ్మితే ముగ్గురం నీళ్ళలో ఉంటాం" అన్నాడు. ఆ మాట విన్న క్షణం నుంచి నాకు తుమ్ము వస్తూనే ఉంది.

మేం ఏనుగును దగ్గరగా చూసింది తక్కువ. మొసలిని చూసింది అసలు లేదు. కరీం ఉడుమును చూసి మొసలిని వేశాడు. నేను ఏనుగు కోసం వెతుకుతుంటే ఊబిలో దిగబడిన వెంకన్న గేదె కనిపించింది. నలుగురు తాళ్ళు కట్టి లాగుతున్నారు. అది మెడ ఎత్తి, కళ్ళు తెల్లగా తిప్పి, బలమంతా ముందు కాళ్ళలో పెట్టి ఒక్క ఊపు ఊపింది. అదే నాకు కావలసింది. వాళ్ళు గేదెను లాగుతూ అరుస్తున్నారు, నేను గీస్తూ అరుస్తున్నాను, "ఒక్క నిమిషం ఆపండి, ఒక్క నిమిషం!" అని. వెంకన్న చెమటలు కక్కుతూ తిరిగి చూసి, "అయ్యా, మీరు గీసేదాకా దీన్ని చావమంటారా?" అన్నాడు. గేదె బయటపడింది. దాని మెడకూ భుజాలకూ తొండమూ దంతాలూ తగిలించాను. ఇంటికి వచ్చాక వెంకన్న బొమ్మ చూసి, "మా గేదె ఎంత ఎదిగిపోయిందండీ!" అన్నాడు. కరీం నేల మీద దొర్లి నవ్వాడు.

మూడో రోజు పొద్దున్నే మంచు లేస్తోంది. నేను దేవుణ్ణి సగం వేశాను. గరుత్మంతుడి రెక్కలు, దేవుడి ముఖం, చక్రం అయ్యాయి. ఉత్తరీయం నాలుగు గీతలుగా వదిలేశాను, పెద్దదానిలో తీరిగ్గా వేయొచ్చని. కింద నీళ్ళు కరీం పని. అతను రెండు రోజుల నుంచీ ఏమీ వేయకుండా చూస్తూ కూర్చున్నాడు. నామాల కోళ్ళ గుంపు ఒకటి బెదిరి, నీళ్ళ మీద కాళ్ళు కొట్టుకుంటూ పరిగెత్తింది. నొసట తెల్లనామం ఉన్న నల్లటి పిట్టలవి. వాటి వెనక నీరు చీలి, ఎండ ఎర్రగా ముక్కలైంది. "పంతులూ, మాట్లాడకు" అన్నాడు. నేను మాట్లాడ్డం లేదు. కుంచె పక్కన పడేసి బొటనవేలితో మొదలుపెట్టాడు. అరగంట. వెంకన్న చుట్ట వెలిగించడం మానేసి చూశాడు.

అయిపోయాక మాకు పట్టపగ్గాల్లేవు. నేను తడిక మీద లేచి నిలబడ్డాను. ముగ్గురం నీళ్ళలో పడ్డాం. నడుం లోతు. కరీం చెక్కను రెండు చేతులా తల పైన ఎత్తి పట్టుకుని, గడ్డం దాకా లేచిన తూటికాడల మధ్య నిలబడి, "తడవలేదు! తడవలేదు!" అని అరుస్తున్నాడు. నేను అంత సంతోషంగా అంతకు ముందు లేను. తరవాత ఉన్నానేమో గాని, అంత తడిసి కాదు.

నా తప్పు

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఇక్కడ కొంచెం ఆగి చదవాలి. తళతళ కోసం నేను రంగుల్లో అవిసె నూనె ఎక్కువ కలిపాను. మంచు రోజుల్లో, నీటి పక్కన, అంత నూనె పోస్తే రంగు ఆరదు. నాలుగు రోజుల తరవాత ముట్టుకుంటే వేలికి అంటింది. మర్నాడే ఏకాదశి. పైగా దోమలు అతుక్కున్నాయి. వాటిని సూదితో తీస్తూ కరీం, "కొన్ని ఉంచుదాం, దూరంగా ఎగిరే కొంగలని చెబుదాం" అన్నాడు.

మర్నాడు పొద్దున్న పాసింజరు బండిలో తడి చెక్కను గాజు పళ్ళెంలా పట్టుకుని కూర్చున్నాం. ఎక్కినవాళ్ళంతా దేవుడికి దణ్ణం పెడుతున్నారు. "ముట్టుకోకండి, పచ్చిగా ఉంది" అని ఇద్దరం వంతులవారీగా చెబుతున్నాం. దెందులూరులో ఎక్కిన ఒక పెద్దాయన కాసేపు చూసి, నేను కిటికీ వైపు తిరిగిన సమయంలో, దేవుడి పాదాలు తాకి రెండు కళ్ళకూ అద్దుకున్నాడు.

భీమడోలులో ఆయన నీలం కనురెప్పలతో దిగి, ప్లాట్‌ఫారం మీద హుందాగా నడిచి వెళ్ళిపోయాడు. ఎదురొచ్చినవాళ్ళు ఆగి చూస్తున్నారు.

"చెప్పాలి కదా ఆయనకి" అన్నాను.

"ఎందుకు? దేవుడి పాదాలు అందరూ అద్దుకుంటారు. నిజంగా అంటింది ఆయనకొక్కడికే" అన్నాడు కరీం.

ఆ వేలిముద్రను పుల్ల స్టేషన్ దాటాక నేను గోరుతో సరిచేశాను. పూర్తిగా పోలేదు.

ఊఁ అన్నారు

మాణిక్యమ్మగారు డెబ్భై ఏళ్ళావిడ. చిన్న మనిషి. నన్ను పూజగది గుమ్మం ముందు నిలబెట్టారు. కరీం తనంతట తనే వరండాలో ఆగిపోయాడు. ఆవిడ చెక్కను దీపం దగ్గరికి పట్టుకు రమ్మన్నారు. చూశారు. పైనుంచి కిందికి, మళ్ళీ కిందినుంచి పైకి చూశారు. నాకు పళ్ళపొడి బోర్డులు కళ్ళ ముందు కనిపించాయి.

"ఉత్తరీయం కూడా సరిగా వేసుకోలేదు నా తండ్రి," అన్నారు చివరికి. "పిలవగానే ఎలా పరిగెత్తుకొచ్చాడో చూడు!"

నేను పూర్తిచేయకుండా వదిలేసిన నాలుగు గీతలు ఆవిడకు దేవుడి తొందరగా కనిపించాయి. నేను నోరు తెరిచేలోపే ఆవిడ భరిణె అందుకుని, ఉంగరపు వేలితో కుంకం తీసి దేవుడి నొసట పెట్టారు. తడి రంగు కదా, పట్టేసింది. చక్రానికి పెట్టారు. గరుత్మంతుడికి పెట్టారు. ఏనుగుకు పెట్టారు. వేలు కిందికి దిగుతోంది.

వరండాలోంచి కరీం కేక వేశాడు. "అమ్మగారూ! కింద ముట్టుకోకండి! నీళ్ళింకా ఆరలేదు!"

ఆవిడ వేలు అక్కడే ఆగింది. "ఆరలేదా?" అన్నారు నావైపు తిరిగి.

"లేదండీ. అసలిది చిత్తేనండీ. పెద్దది వేయడానికి నమూనా..."

"దేవుడికి చిత్తేంటి నాయనా!" అని హారతి వెలిగించారు. చెక్క పూజగదిలో రాముడి పటం పక్కన చేరింది.

సుబ్బారాయుడుగారితో, దాన్ని చూసుకుంటూ పెద్దది వేయాలి, తిరిగి ఇప్పించమని వేడుకున్నాను. ఆయన చెవి దగ్గరికి వచ్చి, "అమ్మ బొట్టు పెట్టిన దేవుణ్ణి బయటికి తెమ్మంటే నన్ను కూడా బయటికి పంపిస్తారండీ" అన్నారు.

అలా మా బొమ్మను ఒప్పుకున్నారు, మా బొమ్మ పోయింది.

హారతి వేళకు

మాఘంలో సత్రం ప్రారంభం. పదడుగుల కాన్వాసు హాల్లో బిగించి, సున్నం వాసనలో పని మొదలుపెట్టాం. రోజూ పొద్దున్న హారతి వేళకు నేను స్నానం చేసి వెళ్ళి, చిత్తుబొమ్మను కళ్ళతో నింపుకుని, మధ్యలో ఎవరు పలకరించినా పలక్కుండా పరిగెత్తుకొచ్చి కరీంకి చెప్పేవాణ్ణి. నేను వీధిలో పెదవులు కదుపుతూ పరిగెత్తడం చూసి ఊళ్ళో నన్ను గొప్ప భక్తుణ్ణి అనుకున్నారు. ఒకాయన కూతురి ముహూర్తం అడిగాడు.

"ఎడం పక్కన ఎరుపు ఎంతుంది?" అనేవాడు కరీం.

"చాలా ఉంది."

"చాలా అంటే? జానెడా, బెత్తెడా?"

"చెదిరినట్టుంది."

"నువ్వింత చదువుకున్నావు, నీళ్ళ గురించి ఒక్క మాట చెప్పలేవేంటి పంతులూ!"

చెప్పలేకపోయాను. కరీం నీళ్ళు వేశాడు, గుడ్డతో తుడిచాడు, మళ్ళీ వేశాడు. అవి నేలకు వేసిన రంగులా ఉన్నాయి. నేను మాత్రం దేవుడి ఉత్తరీయాన్ని మడత మడతకూ నీడ పెట్టి, జరీ అంచుతో శ్రద్ధగా పూర్తిచేశాను. నా జీవితంలో అంత చక్కగా వేసిన గుడ్డ ఇంకొకటి లేదు.

ఇరవై రోజులు గడిచాక మాణిక్యమ్మగారు చూడ్డానికి వచ్చారు. కుర్చీలో కూర్చుని కిందినుంచి పైకి చూశారు.

"ఈయనేంటి నాయనా, పెళ్ళికి వచ్చినట్టున్నాడు?" అన్నారు. "ఏనుగు గతి ఏమవుతుంది ఈలోపు?"

కరీం నవ్వాపుకోలేక కాన్వాసు వెనక్కి వెళ్ళిపోయాడు. కాన్వాసు ఊగింది.

"నీళ్ళు కూడా అవి కావు. అక్కడ కదులుతున్నాయి. ఎవరు వేశారవి?"

"కరీమండీ."

"మరి రోజూ చూడ్డానికి నువ్వొస్తావేంటి?"

అతను రాకూడదని ఎవరూ అనలేదు. రావచ్చునని నేను అడగనూ లేదు. నేనే అడ్డని నాకు అంతవరకూ తోచలేదు. ఈ వృత్తిలో నేను చేసిన తప్పుల్లో నూనె తప్పు చిన్నది, ఇది పెద్దది.

"ఏవయ్యా, ఆ వెనక నవ్వేది నువ్వేనా? కాళ్ళు కడుక్కుని రేపు పొద్దున్న రా. హారతి చల్లారేలోపు చూసుకో" అన్నారావిడ.

మర్నాడు కరీం పూజగది గుమ్మంలో కూర్చుని చెక్కను చూశాడు. ఏకాదశి నుంచి రోజుకొక బొట్టు. దేవుడి ముఖం సగం ఎరుపెక్కింది. నీటి పైకి లేచిన మొసలి నొసట కూడా చిన్న చుక్క ఉంది.

"మొసలిక్కూడానా అమ్మగారూ?" అన్నాడు.

"దానికీ మోక్షం వచ్చింది కదయ్యా. పాపం, దాన్ని ఎవరూ పట్టించుకోరు."

కరీం చాలాసేపు చూశాడు. నీళ్ళ మీద ఒక్క చుక్క కూడా లేదు. లేచి, ఆవిడకు దణ్ణం పెట్టి బయటికి వచ్చాడు. దారిలో, "దాన్ని చూసి గీయకూడదు పంతులూ. అది ఆ పూట నీళ్ళు. తుడిచేద్దాం" అన్నాడు.

తుడిచేశాం. నేను నా జరీ అంచు కూడా తుడిచాను. చెయ్యి రాలేదు గాని తుడిచాను. మిగిలిన పన్నెండు రోజుల్లో, ఒకళ్ళ మోచేతికి ఒకళ్ళం తగులుతూ, తిట్టుకుంటూ, పాటలు పాడుకుంటూ మొత్తం మళ్ళీ వేశాం. ప్రారంభం నాటి పొద్దుటికి అయింది. మాణిక్యమ్మగారు చూసి, "ఇప్పుడు బయల్దేరాడు" అన్నారు. ఊఁ అన్నట్టే.

నిజం చెప్పాలంటే పెద్ద బొమ్మ బాగుంది. అంతే. చిన్నదానికి సాటి రాలేదు. మీరు కూడా మీ చిత్తుబొమ్మను మించిన పెద్దది వేయడం అరుదు. అందుకని చిత్తుబొమ్మను అశ్రద్ధ చేయకండి, డబ్బాలకు మూతలు పెట్టకండి, దాన్నే అచ్చుగుద్దినట్టు దింపాలని కూడా చూడకండి. మరి ఏం చేయాలో నాకు తెలియదు. కరీంకి తెలుసు, అతను చెప్పేవాడు కాదు.

పోయిన నెల

కరీం పోయాక ఆ చెక్క మీదికి మనసు పోయింది. పోయిన నెల తాడేపల్లిగూడెం వెళ్ళాను. సత్రంలో పెద్ద బొమ్మ లేదు. పైకప్పు కారి, కాన్వాసు చివికి, ఎప్పుడో తీసేశారట. సుబ్బారాయుడుగారి ఇంటికి వెళ్ళాను. ఆయన లేరు, మాణిక్యమ్మగారు ఎప్పుడో వెళ్ళిపోయారు. ఆవిడ మనవడి భార్య నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, నేనెవరినో చెప్పాక పూజగది తలుపు తీసింది.

చెక్క రాముడి పటం పక్కనే ఉంది. దేవుడు లేడు. దేవుడున్న చోట వేలెడు మందాన కుంకం గట్టిపడి ఉంది. గరుత్మంతుడు లేడు, చక్రం లేదు, వెంకన్న గేదె లేదు. నేను వేసినదేదీ కనిపించలేదు.

కింద నీళ్ళున్నాయి. ఒక్క చుక్క పడకుండా ఉన్నాయి. మంచు లేస్తోంది, ఎండ ఎర్రగా ముక్కలై ఉంది, కరీం బొటనవేలు గీతలు గీతలుగా తెలుస్తోంది. ఆ వేలు ఆనిన చోట నా వేలు ఆనించాలనిపించి చెయ్యి చాపాను.

ఆ అమ్మాయి గబుక్కున నా మణికట్టు పట్టుకుంది.

"కింద ముట్టుకోకండి తాతగారూ. మా అత్తగారికి వాళ్ళ అత్తగారు చెప్పారట. నీళ్ళింకా ఆరలేదండీ."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.